పొడుగువాళ్ళ వరస

ఆకుపచ్చ చొక్కా ఇచ్చారు మా వాడికి. బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఏ స్థానంలో ఆడతావని అడగలేదు. ఎజెల్ పెటిగ్రూ అన్న పేరు చివరిదాకా వినలేదు. మెడ వెనక్కి విరిచి మా తమ్ముణ్ణి బూట్ల నుంచి జుట్టు దాకా చూసి, పెట్టెలోంచి ఆకుపచ్చ చొక్కా లాగి వాడి భుజం మీద వేశాడు. అంతే, అయిపోయింది. పసుపు చొక్కాలు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకి. నీలం చొక్కాలు పరిగెత్తి బంతి పట్టుకునేవాళ్ళకి. ఆకుపచ్చవి పొడుగువాళ్ళకి, అంటే గోడలా నిలబడి ఎదుటివాణ్ణి తోసేసి, తీరిక దొరికితే ఓ బంతి పట్టుకుని, మళ్ళీ తోయడానికి పోయేవాళ్ళకి. మా వాడు క్వార్టర్‌బ్యాక్. హైస్కూల్ ఫుట్‌బాల్లో ఆటంతా వాడి చేతిమీదే నడుస్తోంది. ఎవరు ఎటు పరిగెత్తాలో, ఎవరు ఎవర్ని ఆపాలో చెప్పేది వాడు. ఆ సంగతి బల్ల దగ్గరి మనిషికి చెప్పబోతే నా వైపు చూడకుండానే "తల్లులు బెంచీల మీద కూర్చోవాలమ్మా" అన్నాడు. నాకు ఇరవై ఆరేళ్ళు. నేను వాడి తల్లిని కాను, అక్కని. ఆ ముక్క కూడా వినిపించుకోలేదు.

కూర్చున్నాను. రేకు బెంచీ, పైన జూన్ నెల మిసిసిపీ ఎండ, గౌనులోంచి కూడా తొడలు చురుక్కుమంటున్నాయి, అయినా లేవను, లేస్తే ఈ చోటు పోతుంది. కంచె పక్కన మొదటి బెంచీ ఇది, ఇక్కడికి మైదానంలో మాటలు కూడా వినిపిస్తాయి. కుర్రాళ్ళింకా గడ్డి మీద కాళ్ళు చాపుకుని ఒళ్ళు వంచుతున్నారు. ఈల మోగాక ఎవరి రంగు వరసలో వాళ్ళు నిలబడాలి. ఆ తర్వాత గంటసేపు ఈ యూనివర్సిటీ కోచ్‌లు చూస్తారు. నచ్చినవాడికి చదువు, తిండి, గది అన్నీ వాళ్ళవే. వసంతంలో మా ఇంటికొచ్చినప్పుడు కోచ్ ట్రెంథమ్ చెప్పింది అదే. ఎండాకాలం శిబిరానికి తీసుకురండి, వాడు విసరడం కూడా చూస్తాం అన్నాడు. చూస్తాం అన్నాడు. నేను విన్నాను, అమ్మ విన్నది, పొయ్యి మీది మూకుడు కూడా విని ఉంటుంది. మరి ఈ ఆకుపచ్చ ఏమిటి? పక్కన కూర్చున్న తెల్లావిడ మంచుపెట్టె తెరిచి నాకో చల్లటి సీసా ఇచ్చింది. మంచావిడే. ఆ పొడుగబ్బాయి మీవాడా, ఎంత ఒళ్ళండీ అంది. దాని పైన తల కూడా ఉంది, చూశారా అన్నాను. ఆవిడ నవ్వింది, నేను హాస్యమాడాననుకుంది. వాళ్ళబ్బాయి పసుపు చొక్కా. మా వాడి భుజం దాకా ఉంటాడు. అతన్ని ఏ స్థానమని ఎవరూ అడగకుండానే పసుపు ఇచ్చారట, ఆ కళ్ళల్లో తెలివి కనిపిస్తుంది కదా అంది ఆవిడ, గర్వంగా కూడా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

తెలివి కళ్ళల్లో కనిపించాలంటే ముందు ఎవరైనా కళ్ళ దాకా చూడాలి. మా వాణ్ణి అందరూ మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టి చేతుల దగ్గర ఆపేస్తారు. కోచ్ ట్రెంథమ్ మా ఇంట్లో మొదట చూసింది అమ్మ మోకాళ్ళని, తర్వాత నన్ను. మీ ఇంట్లో ఆడవాళ్ళు కూడా ఇంతేనా అని అడిగాడు, దూడని కొనేవాడు ఆవుని చూసినట్టు. నేను నిలబడితే ఆరడుగులు. హైస్కూల్లో నేనూ బాస్కెట్‌బాల్ ఆడాను, నా మోకాళ్ళు చూడటానికి ఎవరూ రాలేదు, చేపలు కోసే క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీ వాడొక్కడే చూశాడు, ఎత్తు బల్ల దగ్గర నిలబెట్టొచ్చని. ట్రెంథమ్ మూడు ముక్కలు చేప తిని, మూతి తుడుచుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని "అమ్మా, మీ అబ్బాయి అథ్లెట్" అన్నాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. చర్చిలో అందరికీ చెప్పింది. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఉత్తరాలు రాసిన ప్రతి యూనివర్సిటీ వాడి పేరు పక్కన అదే మాట రాసింది. తెల్ల కుర్రాడైతే క్వార్టర్‌బ్యాక్, నాయకుడు, నిబ్బరమున్నవాడు. మా నల్ల కుర్రాడు అదే పని అంతకంటే బాగా చేస్తే అథ్లెట్. అంటే ఏమిటి? అంటే మైదానంలో నిన్ను మాకు కావలసినచోట పెట్టుకుంటాం అని. ఆటని నీ చేతికి మాత్రం ఇవ్వం అని. తిట్టు అయితే తిరగబడొచ్చు. మెచ్చుకోలు మీద ఎలా తిరగబడతావు? కృతజ్ఞత లేని పిల్ల అంటారు. అననీ.

రోస్కో మావయ్య కూడా అథ్లెట్. అమ్మకి తమ్ముడు, మా ఊరి హైస్కూల్లో మొదటిసారి పేరు తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్. ఓ యూనివర్సిటీ వచ్చి క్వార్టర్‌బ్యాక్‌గానే తీసుకెళ్ళింది. మొదటి వారం, ఆట కూడా కాదు, సాధన, మావయ్య గీత పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు. ముందున్నవాడు విసిరిన బంతి దారి తప్పి ఎత్తుగా పోతుంటే మావయ్య నవ్వుతూ ఒక్క చెయ్యి పైకెత్తి చెట్టుమీది పండు కోసినట్టు కోసేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కోచ్ కూడా కొట్టాడు. మర్నాడు పొద్దున మావయ్య పెట్టెలో వేరే రంగు చొక్కా ఉంది. మళ్ళీ జన్మలో బంతి విసరనివ్వలేదు. అడిగితే, అంత మంచి చేతులు వృథా చేస్తామా అన్నారట. మావయ్య ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతాడు. కుడి మోకాలు వంగదు. ఆదివారాలు మా వరండాలో కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటూ అదే కథ చెప్తాడు, ప్రతిసారీ చివర చెయ్యి పైకెత్తి, ఆ బంతి ఒక్కటి కింద పడనిచ్చుంటే నా బతుకు వేరేగా ఉండేదిరా అంటాడు. ఆ కథ మొదట విన్నప్పుడు ఎజెల్ చాలా చిన్నవాడు. ఆ చేతి వైపే చూస్తూ ఉండేవాడు.

అందుకే మా ఇంట్లో ఆ నియమం. ఇంకెవరింట్లోనూ ఉండదు, ఎవరికి చెప్పినా నమ్మరు. పరాయివాడి ఎదుట ఏదీ పట్టుకోకు. పెట్టింది నేనే. బంతి నీ మీదికొస్తే పక్కకి తప్పుకో, తప్పుకోలేకపోతే ఛాతీకి తగలనిచ్చి కింద పడనివ్వు. వాడు ఎంత బాగా నేర్చుకున్నాడంటే చర్చి విందులో ఎవరైనా పీచు పండు విసిరితే వంగిపోతాడు, తాళాలు విసిరితే నేలమీద పడ్డాక ఏరుకుంటాడు. ఊళ్ళో వాడి చేతులకి వెన్న రాసుందని పేరు. మంగలి లెమ్యుయెల్ అయితే వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టుకున్న ప్రతిసారీ, దేవుడు ఈ పొడుగాడికి చేతులు కొలిచి కుట్టాడు గాని గుండీలు పెట్టడం మరిచిపోయాడు అంటాడు. అందరూ నవ్వుతారు. ఎజెల్ కూడా నవ్వుతాడు. ఆ నవ్వులో ఏముందో ఎప్పుడూ అడగలేదు నేను. వాడికి పట్టుకోవడం వచ్చని నాకొక్కదానికే తెలుసు. చీకటి పడుతున్నప్పుడు, ఎవరూ లేరని చూసుకుని, పైకి విసిరి వెనక చేత్తో పట్టుకునేవాడు, నీళ్ళలో చేపపిల్ల తిరిగినట్టు తిరిగేది బంతి వాడి వేళ్ళలో. నేను కిటికీలోంచి చూసి గట్టిగా దగ్గేదాన్ని. ఆపేసేవాడు.

ఇవాళ పొద్దున కూడా, ఇంకా బయల్దేరకముందే, అమ్మ పొయ్యి దగ్గర నించుని మొదలుపెట్టింది. వాళ్ళు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడు నాన్నా, చదువు చదువే కదా, ఏ వరసలో నిలబడి తెచ్చుకుంటే ఏం అంది. అమ్మ మాట తప్పు కాదు. అదే నన్ను ఎక్కువ మండిస్తుంది. నేనేమన్నానంటే, వరసే ముఖ్యమమ్మా, వరస వదిలేస్తే మిగిలేది మోకాళ్ళే, అవీ ఎన్నాళ్ళో ఉండవు అన్నాను. అమ్మ గరిటె పక్కన పెట్టి నా వైపు చూసింది.

"నీకు రానిది వాడి చేత తెప్పించుకోవాలనుకుంటున్నావే జెర్లీన్. వాడి జీవితంతో పందెం కాయకు."

ఎజెల్ మా ఇద్దరి మధ్య కూర్చుని పళ్ళెం ఖాళీ చేస్తున్నాడు, తాను అక్కడ లేనట్టే. కారెక్కాం. దారంతా పత్తి చేలు, చేపల చెరువులు, మళ్ళీ పత్తి చేలు. నేనే మాట్లాడాను. కోచ్ కళ్ళల్లోకి చూడు, నెమ్మదిగా చెప్పు, ఎదుటివాళ్ళు ఇద్దరు వెనక్కి తగ్గితే ఏం చేస్తావు, ఒకడు ముందుకొస్తే ఏం చేస్తావు అని అడుగుతూ పోయాను, వాడు కిటికీ వైపు చూస్తూనే ఒక్కోదానికీ తడుముకోకుండా చెప్పాడు. చివర్లో మాత్రం, అక్కా, నేను నిజంగా పట్టుకోలేననే అనుకుంటారా వాళ్ళు అన్నాడు. అనుకుంటే మంచిదేగా అన్నాను. ఊఁ అన్నాడు. ఆ ఊఁ ఇప్పటిదాకా చెవిలోనే ఉంది.

ఈల మోగింది. గడ్డి మీదినుంచి రంగులన్నీ లేచి విడిపోయాయి, పసుపు అటు, నీలం ఇటు, ఆకుపచ్చ గోల్ స్తంభాల కింద. మా వాడు మధ్యలో నిలబడిపోయాడు, కరెంటు స్తంభంలా. వెళ్ళు. పసుపు వైపు వెళ్ళు. చొక్కా ఏదైతేనేం, కాళ్ళు నీవి కదా. వాడు కదల్లేదు. కోచ్ ట్రెంథమ్ చూశాడు. చంకలో బంతి పెట్టుకుని మెల్లగా వస్తున్నాడు, ఎండకి ఎర్రబడ్డ మెడ, ఛాతీమీద వేలాడే ఈల, కోపం ఏమీ లేదు, మేనల్లుణ్ణి పెళ్ళిపందిట్లోకి పిలుస్తున్నట్టు నవ్వుతున్నాడు. ఇటు రా పెద్దోడా, ఇదీ నీ చోటు, ఇక్కడ నిలబడ్డావంటే సాయంత్రం మీ అమ్మకి నేనే ఫోన్ చేస్తా అన్నాడు. ఎజెల్ ఏదో అన్నాడు, వినపడలేదు, గాలి అటు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ట్రెంథమ్ గొంతు. విసరడం తర్వాత చూద్దాంలే, ముందు నీ చేతులు చూడనీ. అంటూనే, అడక్కుండానే, చంకలో బంతి తీసి వాడి తలమీదుగా ఎత్తుగా వదిలాడు.

పడనివ్వు. పడనివ్వు. ఎజెల్, పడనివ్వరా. సీసా నా చేతిలో నలిగిపోయింది. బంతి ఎండలో గోధుమరంగు పిట్టలా తిరుగుతోంది, వాడి కళ్ళు దానిమీద ఉన్నాయి, భుజాలు కదలలేదు, బాగుంది, అలాగే ఉండు, వెన్న చేతులు, గుండీల్లేని చేతులు, ఊరంతా నవ్వినా ఫరవాలేదు. వాడి ఎడమ చెయ్యి లేచింది. తొందరేమీ లేకుండా, పై అరలో ఉప్పుడబ్బా అందుకున్నట్టు, ఒక్క చేత్తో, వేలికొసలతో పట్టుకున్నాడు. చప్పుడు కూడా కాలేదు. మంచుపెట్టె ఆవిడ అబ్బ అంది. పసుపు వరసలోంచి ఎవరో ఈల వేశారు. ట్రెంథమ్ నవ్వు చెవుల దాకా సాగింది. అయిపోయింది, మావయ్య బతుకే మళ్ళీ, అదే చెయ్యి, అదే నవ్వు, ఇంతదూరం వచ్చి, ఇన్నేళ్ళు దాచి. అప్పుడు వాడి గొంతు వినపడింది. గాలి మా వైపే ఉంది.

"పట్టుకోవడం వచ్చు సార్. చూశారుగా. ఇంక నేను విసిరేది చూడండి."

ఆకుపచ్చ చొక్కా తలమీదుగా తీశాడు. విసిరికొట్టలేదు. ఆదివారం బట్టల్లా మడిచి ట్రెంథమ్ చేతిలో పెట్టి, చేతుల్లేని బనీనుతో పసుపు వరస దగ్గరికి నడిచి చివర నిలబడ్డాడు. ముందున్నవాళ్ళందరి తలలూ వాడి భుజాల కిందే. నేను ఇన్నేళ్ళూ వాడికి దాక్కోవడం నేర్పాను. అది సిగ్గు అని వాడు పేరు పెట్టుకున్నట్టున్నాడు, నాకు చెప్పకుండా. మావయ్య చేసిన తప్పు బంతి పట్టుకోవడం కాదు, పట్టుకున్నాక ఊరుకోవడం. అది నా బుర్రకి ఎందుకు తట్టలేదు? ట్రెంథమ్ వాడి వెనకే వెళ్ళాడు. ఇప్పుడు నవ్వు లేదు. గొంతు తగ్గించాడు గాని నాకు ప్రతి మాటా వినిపించింది. ఈ వరసలో నీకు చొక్కా లేదు అబ్బాయ్. ఇక్కడే ఉంటానంటే ఇవాళ నా దగ్గర సీటు కూడా లేదు. ఆలోచించుకో, మీ అమ్మని ఆలోచించు. వాడు సరే సార్ అన్నాడు. సరే అని అక్కడే ఉన్నాడు. అమ్మ గరిటె గుర్తొచ్చింది నాకు. సీటు పోయింది. నిజంగా పోయింది, ఇప్పుడే, నా కళ్ళముందే, ఒక్క మాటలో. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఒళ్ళంతా తేలికైంది.

వరస కదిలింది. మంచుపెట్టె ఆవిడ కొడుకు విసిరాడు, నీలం చొక్కావాడు పరిగెత్తి పట్టుకున్నాడు, బాగానే ఉంది. ఇంకొకడు. ఇంకొకడు. ముందొకడు తగ్గినకొద్దీ మా వాడు ఒక అడుగు ముందుకి. వాడి వంతు వచ్చేసరికి ట్రెంథమ్ గడియారం చూసుకుని ఈల ఊది, నీలం చొక్కాలన్నీ నీళ్ళు తాగి రండి అన్నాడు. అంతే. కేకల్లేవు, అవమానం లేదు. ఎండలో పిల్లలకి నీళ్ళు ఇస్తే ఎవరు తప్పుపడతారు? నీలం చొక్కాలన్నీ కంచె అవతల పీపాల దగ్గరికి పోయాయి. మైదానం ఖాళీ అయింది. మా వాడు చేతిలో బంతితో గీత మీద నిలబడ్డాడు, ఎదురుగా గడ్డి తప్ప ఏమీ లేదు. విసిరేవాడికి ఎదురుగా ఎవరూ లేకపోతే వాడు విసిరేవాడే కాడు. ఒట్టి చెయ్యి. ఇంత చిన్న ఉపాయం. ఇంత మర్యాదైన ఉపాయం. వాడు బెంచీల వైపు తిరగలేదు. తిరిగి నన్ను చూసి ఉంటే నేను కదిలేదాన్ని కానేమో.

చెప్పులు విప్పేశాను. కంచె తగలగానే చెయ్యి చురుక్కుమంది, గౌను ఎక్కడో పట్టుకుని చిరిగింది, దూకేశాను. వెనకనుంచి ఆవిడ అయ్యో అమ్మాయ్ అంటోంది. గడ్డి మెత్తగా ఉంది, మా చేను కంటే మెత్తగా. వాడి ముందునుంచే నడిచివెళ్ళి ఎడమవైపు గీత మీద నిలబడ్డాను. వాడు నన్ను చూశాడు. పళ్ళు బిగించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు, గాడిద.

"బట్టల తీగ," అన్నాడు.

పరిగెత్తాను. బట్టల తీగంటే మా వెనకింటి మిసెస్ టాలివర్ పెరడు. మా ఇంటి వెనక ఖాళీ స్థలమంతా అదే, మధ్యలో ఆవిడ తీగ, తీగనిండా తడి దుప్పట్లు. నేను నేరుగా పరిగెత్తి దుప్పట్ల కింద తలవంచి దూరి, అవతల ఎడమకి తిరగాలి. వాడికి నేను కనిపించను. నేనెక్కడ తేలతానో లెక్కకట్టి, నేను తిరగకముందే దుప్పట్ల మీదుగా వదిలెయ్యాలి. మొదటి వేసవంతా దుప్పట్లకి తగిలి, మిసెస్ టాలివర్ చీపురు పట్టుకుని మా ఇద్దర్నీ వీధి చివరిదాకా తరిమేది. తర్వాత తగలడం మానేశాయి. ఆవిడ కూడా వెనక మెట్లమీద కూర్చుని చూడటం మొదలుపెట్టింది. ఇక్కడ దుప్పట్లు లేవు, అయినా నాకు కనిపిస్తున్నాయి, తెల్లగా, వరసగా, సబ్బు వాసనతో సహా. వంగాను. గుండె నోట్లోకి వస్తోంది, ఇరవై ఆరేళ్ళంటే ముసలితనమే ఈ పనికి, రోజంతా చల్లటి నీళ్ళలో నిలబడే కాళ్ళు ఇవి. ఎడమకి తిరిగాను. బంతి అప్పటికే అక్కడుంది. నేనింకా చేరని చోట, నా కోసం చూస్తున్నట్టు. రెండు చేతులూ చాపాను, ఉంగరపు వేలు వెనక్కి విరిగిన చప్పుడు నాకే వినిపించింది, పొట్టకి హత్తుకుని ఇంకా పరిగెత్తాను, ఆగడం ఎలాగో తెలియక.

పసుపు చొక్కాలు ఒకరివైపొకరు చూసుకుంటున్నారు. వాళ్ళెవరూ ఇవాళ అంతదూరం వెయ్యలేదు, అదీ పరిగెత్తే మనిషి ఇంకా తిరగకముందే. నేను బంతి తీసుకుని ఊగుతూ నడిచొస్తుంటే ట్రెంథమ్ నన్ను గుర్తుపట్టలేదు, మా ఇంట్లో మూడు ముక్కలు చేప తిన్నవాడు. ఎవరీ అమ్మాయి అని ఎజెల్‌ని అడిగాడు.

"మా అక్క సార్. మీరు అథ్లెట్ అథ్లెట్ అంటారే, అది ఆమె. నేను క్వార్టర్‌బ్యాక్‌ని."

ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. ట్రెంథమ్ నవ్వలేదు. మైదానంలోకి బయటివాళ్ళు రాకూడదు, దెబ్బ తగిలితే మా మీదికొస్తుంది, వెళ్ళి కూర్చోమ్మా అన్నాడు నాతో. దెబ్బ తగిలేసింది సార్, ఇంక భయం లేదు అన్నాను. ఎజెల్ నా వేలు చూశాడు. ముఖం మారింది. చాల్లే అక్కా అనబోయాడు. బంతి వాడి ఛాతీకి గట్టిగా కొట్టాను, నోరు మూసుకుని విసరరా అన్నాను, పట్టుకున్నాడు. మళ్ళీ వెళ్ళి గీత మీద నిలబడ్డాను. ట్రెంథమ్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఊదితే ఊదనీ. కావలివాళ్ళని పిలిస్తే పిలవనీ, ఇద్దరు పట్టుకుంటే గాని నేను కదలను, నేనూ ఆరడుగుల మనిషినే. కళ్ళల్లోకి చెమట దిగుతోంది, చుట్టూ ఏమీ సరిగ్గా కనిపించడం లేదు. వెనక గడ్డి మీద అడుగుల చప్పుడు. కావలివాళ్ళే అనుకుని భుజాలు బిగించాను. తిరిగి చూస్తే నీలం చొక్కా. ఎవరో తెలియని కుర్రాడు, మాలాగే నల్లవాడు, పీపా దగ్గరినుంచి వచ్చాడు, గడ్డం మీదినుంచి నీళ్ళింకా కారుతున్నాయి. కోచ్ వైపు చూడటం లేదు. నా వెనక నిలబడి, బూటు ముడి బిగించుకుంటూ, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ మలుపు ఎక్కడ తిరగాలక్కా?"